లేని జ్వరానికి ప్రార్థన

మా పాప రెండో తరగతి చదువుతున్నప్పటి మాట ఇది. ఇరవై ఏళ్లు దాటింది. మా బావమరిదిది బ్యాంకు ఉద్యోగం. అతని ఎల్‌టీసీ ఆ డిసెంబరు నెలాఖరుతో మురిగిపోతుంది. ‘బావగారూ, ఊటీ వెళ్దాం. మీరూ అక్కా పాపా కూడా రండి’ అని పట్టుబట్టాడు.

పాస్టరు కుటుంబానికి సెలవుల్లో సెలవుండదు. వేసవిలో వీబీఎస్‌లు, మహాసభలు. దసరా సెలవుల్లో యువజన కూటాలు. ఈస్టరుకు ముందు నలభై రోజుల కూడికలు. ఇక క్రిస్మస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మాకు ఖాళీ దొరికింది నవంబరులోనే. ఆదివారం ఆరాధన ముగించుకుని సాయంత్రం రైలెక్కి, శుక్రవారం తెల్లవారేసరికి తిరిగి రావాలి. పాపకు నాలుగు రోజులు బడి పోతుంది. ‘రెండో తరగతే కదా, కొంపలేం మునిగిపోవు’ అనుకున్నాం.

సెలవు చీటీ రాయడానికి కూర్చున్నాను. ‘జ్వరం’ అని రాశాను. నిజం చెప్పాలంటే పెద్దగా ఆలోచించలేదు. మా చిన్నప్పుడు ఇంగ్లిషు మాస్టారు బట్టీ పట్టించిన లీవ్ లెటర్‌లో ఉన్న కారణం జ్వరమే. మనలో చాలామందిమి ఇంగ్లిషులో రాసిన మొట్టమొదటి ఉత్తరం, ఒంట్లో బాగోలేదని చెప్పే ఉత్తరమే! చెయ్యి అలవాటుగా అదే రాసేసింది. మా ఆవిడ పక్కనే ఉంది, చదివింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

మెట్టుపాళ్యంలో చిన్న రైలెక్కి, పళ్ల చక్రాల మీద కొండ పైకి పోతుంటే పాప సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ నాలుగు రోజులూ ఎంతో బాగా గడిచాయి. శుక్రవారం ఉదయం నేనే పాపను బడిలో దించడానికి వెళ్లాను. క్లాసు టీచరు ఎదురొచ్చారు. ఆమె పక్క సంఘంలో సండేస్కూలు కూడా చెబుతారు. నన్ను చూడగానే ఆత్రంగా అడిగారు. ‘అయ్యగారూ, పాపకు ఎలా ఉంది? నాలుగు రోజులూ పొద్దున్నే క్లాసు పిల్లలందరిచేతా పాప కోసం ప్రార్థన చేయించానండీ’.

నా నోట మాట రాలేదు. నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ పాప నా ముఖంలోకి ఓసారి చూసింది. తర్వాత టీచరు వైపు తిరిగి ‘తగ్గిపోయింది మేడమ్’ అంది. అలా చెప్పమని నేను నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం రాలేదు. నాన్న ముఖం చూసి పిల్ల నేర్చేసుకుంది.

ఈ మధ్య మా సంఘంలో ఓ యువ దంపతులు నన్ను అడిగారు. ‘అయ్యగారూ, బడి ఉన్న రోజుల్లో చిన్నపిల్లల్ని విహారానికి తీసుకెళ్లడం తప్పా?’ అని. ఆ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చింది ఊటీ కాదు, ఆ బడి వరండా. వాళ్లకు చెప్పిన మాటలే ఈ వారం మీతోనూ పంచుకుంటున్నాను.

ప్రయాణమూ పాఠమే

ముందుగా ఒక మాట. పిల్లల్ని తీసుకుని ప్రయాణం చేయడం దేవుని దృష్టిలో చిన్న విషయం కాదు. లూకా సువార్త రెండో అధ్యాయం చదవండి. యోసేపు, మరియ ఏటేటా పస్కా పండుగకు యెరూషలేము వెళ్లేవారు. యేసుకు పన్నెండేళ్ల వయసులో ఆయన కూడా వారితో ఉన్నాడు. నజరేతు నుంచి యెరూషలేముకు వంద కిలోమీటర్ల పైమాటే. కాలినడకన రోజుల తరబడి ప్రయాణం. పస్కా, దాని వెంట ఏడు రోజుల పులియని రొట్టెల పండుగ. పండుగంతా గడిపి ఇల్లు చేరేసరికి ఇంచుమించు రెండు వారాలు పట్టేది. ఆ ప్రయాణంలోనే బాలయేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వారి మాటలు విన్నాడు, వారిని ప్రశ్నలడిగాడు. వడ్రంగి ఇంట్లో దొరకని పాఠం ఆ ప్రయాణంలో దొరికింది.

నిర్గమకాండము పదో అధ్యాయంలో ఇంకో సన్నివేశం ఉంది. అరణ్యంలో దేవునికి పండుగ చేయడానికి ఎవరెవరు వెళ్తారని ఫరో అడిగాడు. పిల్లలూ, పెద్దలూ అందరం వెళ్తామని మోషే జవాబిచ్చాడు. పెద్దవాళ్లు వెళ్లండి చాలు, పిల్లలెందుకన్నది ఫరో వాదన. మోషే ఒప్పుకోలేదు. పిల్లల్లేని పండుగ ఆయన దృష్టిలో పండుగే కాదు. అలాగని సెలవివ్వని హెడ్మాస్టరును ఫరోతో పోల్చకండి. ఆయన పని ఆయన చేస్తున్నాడు, ఆ సంగతికి తర్వాత వద్దాం.

యూదుల ధర్మశాస్త్ర సంప్రదాయం మిష్నాలో ఓ ముచ్చటైన చర్చ ఉంది. పండుగకు దేవాలయ పర్వతం ఎక్కనవసరం లేనంత చిన్నపిల్లవాడు ఎవరు అన్నది ప్రశ్న. తండ్రి భుజాల మీద కూర్చుని కూడా ఎక్కలేనివాడని షమ్మయి శిష్యులు అన్నారు. తండ్రి చెయ్యి పట్టుకుని నడిచి ఎక్కలేనివాడని హిల్లేలు శిష్యులు అన్నారు. తండ్రి భుజమా, తండ్రి చెయ్యా అన్నదే వారి తగువు! బిడ్డ నాన్నతో కలిసి చేసే ప్రయాణానికి వారు అంత విలువ ఇచ్చారు.

బడీ బరువైనదే

మరి బడి సంగతి? యూదుల తల్మూదులోనే మరో మాట ఉంది. దేవాలయం కట్టే పని కోసమైనా సరే, బడిపిల్లల చదువు మాన్పించకూడదట! దేవాలయం కన్నా గొప్ప పని యూదునికి ఇంకేముంటుంది? అయినా పిల్లల చదువును దానికి కూడా బలిపెట్టవద్దన్నారు. అపొస్తలుల శతాబ్దంలోనే యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు ఊరూరా ఉపాధ్యాయుల్ని పెట్టించి, ఆరేడేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించే ఏర్పాటు చేశాడని తల్మూదు చెబుతోంది.

సంస్కరణోద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ 1530లో ఏకంగా పిల్లల్ని బడి మాన్పించవద్దంటూ ఒక ప్రసంగమే రాసి అచ్చు వేయించాడు. చదువెందుకు, ఏదో ఒక పనిలో పెడితే నాలుగు డబ్బులొస్తాయనుకునే తల్లిదండ్రుల్ని అందులో గట్టిగానే మందలించాడు. మన తెలుగు నేల చరిత్ర చూడండి. 1842లో గుంటూరుకు వచ్చిన హేయర్ గారు సువార్తతో పాటు బడులూ మొదలుపెట్టారు. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ గారు బడి తెరిచారు. మన తాతల్లో ఎంతోమందికి మొదటిసారి పలకా బలపం అందింది మిషను బడిలోనే. అక్షరం కోసం ఎండలో మైళ్లకు మైళ్లు నడిచిన వాళ్ల మనవలం మనం. బడిని తేలిగ్గా చూసే హక్కు ఎవరికైనా ఉందేమోగానీ, మనకు మాత్రం లేదు.

‘చిన్న తరగతులే కదా’ అన్న మాట నేనూ అన్నాను. ఏ ఉపాధ్యాయురాలినైనా అడిగి చూడండి. గుణింతాలు, ఒత్తులు, కూడికలు, తీసివేతలు పునాదిరాళ్లలా ఒకదాని మీద ఒకటి పేర్చేది ఆ చిన్న తరగతుల్లోనే. పెద్ద పిల్లవాడు పోయిన పాఠాన్ని స్నేహితుని నోట్సు చూసి రాసుకుంటాడు. ఆరేళ్ల పిల్లకు ఏం పోయిందో కూడా తెలియదు. తర్వాత లెక్కల పుస్తకం ముందు కూర్చుని అమాయకంగా దిక్కులు చూస్తుంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఏడాదికి 365 రోజులు. దసరా, సంక్రాంతి, క్రిస్మస్, వేసవి, ఆదివారాలు కలిపితే బడి లేని రోజులు మనకు తక్కువేమీ కాదు. కాబట్టి బడి రోజుల్లోనే వెళ్లాలా అని ఎవరికి వారు నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. నర్సుగా పనిచేసే తల్లికి, పోలీసు ఉద్యోగి తండ్రికి, పండుగ రోజుల్లోనే చేతినిండా పని ఉండే దర్జీకి పిల్లల సెలవులూ తమ సెలవులూ ఎప్పటికీ కలవకపోవచ్చు. ఊళ్లో మంచాన పడ్డ నానమ్మను మనవలకు చూపించాల్సిన అవసరం సెలవుల దాకా ఆగకపోవచ్చు. కానీ టిక్కెట్టు చవక, హోటల్ ఖాళీ అన్నవి మాత్రమే కారణాలైతే, కాస్త ఆగి ఆలోచించడం మంచిది.

1 సమూయేలు మొదటి అధ్యాయంలో ఎల్కానా ఏటేటా కుటుంబంతో షిలోహు వెళ్లేవాడు. బిడ్డ సమూయేలు పాలు మరిచే వరకు తాను రానని ఒక ఏడు హన్నా చెప్పింది. నీకు మంచిదని తోచినట్టే చేయమన్నాడు ఎల్కానా. సాక్షాత్తూ దేవుని సన్నిధికి వెళ్లే ప్రయాణమే! అయినా ఈ ఏడాది బిడ్డకు ఇల్లే మంచిదని ఆ తల్లి తేల్చుకుంది, ఆ తండ్రి గౌరవించాడు. వెళ్లడమూ భక్తే, ఆగడమూ భక్తే. బిడ్డకు ఏది మేలు అన్నదే కొలమానం. అందుకే ఈ విషయంలో అందరికీ ఒకే ఆజ్ఞ నేను ఇవ్వలేను. అయితే ఒక్క విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. అదే ఆ సెలవు చీటీ.

అననీయ, సప్పీరా చేసిన తప్పేమిటి?

అపొస్తలుల కార్యములు ఐదో అధ్యాయంలోని ఈ భార్యాభర్తల కథ సండేస్కూలు పిల్లలందరికీ తెలుసు. పొలం అమ్మారు, కొంత సొమ్ము దాచుకున్నారు, మిగతాది అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారు. సొమ్ము దాచుకోవడం వల్లే వాళ్లు చనిపోయారని చాలామంది అనుకుంటారు. పేతురు మాట జాగ్రత్తగా చదవండి. అమ్మకముందు ఆ పొలం మీదే, అమ్మిన తర్వాత ఆ డబ్బు కూడా మీ చేతిలోనిదే అన్నాడు. సగమే ఇస్తున్నామని చెప్పి సగమే ఇచ్చి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. సగం ఇచ్చి అంతా ఇచ్చినట్టు కనిపించాలనుకున్నారు. వారి పాపం అదే. పైగా ఇద్దరూ కూడబలుక్కుని చేశారు.

నా సెలవు చీటీ కథ కూడా అంతే కదా! బిడ్డ నాది. ప్రయాణం నాది. నాలుగు రోజులు సెలవు కావాలని అడిగే హక్కూ నాదే. ‘కుటుంబంతో ఊరెళ్తున్నాం, దయచేసి అనుమతించండి’ అని రాస్తే ఆకాశమేమీ విరిగి పడేది కాదు. కానీ బాధ్యత గల తండ్రిగా కనిపించాలి, విహారానికీ వెళ్లాలి. అందుకే జ్వరం కావాల్సి వచ్చింది. నేను రాశాను, నా భార్య చూసి ఊరుకుంది. అననీయ ఇంట్లో ఇద్దరే కూడబలుక్కున్నారు. మా ఇంట్లో ఏడేళ్ల పిల్లను కూడా అందులో కలిపాం.

ఇక్కడ కొందరు తెలివైన విశ్వాసులు ఓ ప్రశ్న వేస్తారు. ‘దావీదు కూడా అలాగే చేశాడు కదండీ?’ అని. నిజమే. 1 సమూయేలు ఇరవయ్యో అధ్యాయంలో దావీదు సౌలు రాజు భోజనపు బల్ల దగ్గరకు వెళ్లకుండా పొలంలో దాక్కున్నాడు. బేత్లెహేములో కుటుంబ బలి ఉందని సెలవడిగి వెళ్లాడని తన బదులు చెప్పమన్నాడు. యోనాతాను అలాగే చెప్పాడు. ఒక రకంగా అది కుటుంబ కార్యం పేరు మీద అబద్ధపు సెలవు చీటీయే! కానీ దావీదు తల మీద కత్తి వేలాడుతోంది. ప్రాణం దక్కించుకోవడానికి అతను అలా అన్నాడు. పైగా ఆ అబద్ధం ఎంతసేపు నిలిచింది? సౌలు క్షణంలో పసిగట్టి, కన్నకొడుకు మీదికే ఈటె విసిరాడు. బైబిలు జరిగింది జరిగినట్టు చెబుతుంది. చెప్పిన ప్రతిదాన్నీ చేయమని చెప్పదు. ఊటీ వెళ్లడానికి నాకు ప్రాణగండమేమీ లేదు.

అబద్ధానికి ఇంకో గుణముంది. అది ఒంటరిగా ఉండలేదు. మూడు రోజులు దాటితే కొన్ని బడుల్లో మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. అప్పుడు తెలిసిన డాక్టరు దగ్గరకు పరుగు. ఆయన కూడా విశ్వాసే అయితే అతన్నీ ఈ ఊబిలోకి లాగుతాం. తిరిగొచ్చాక ఊటీ ఫొటోలు ఎవరికీ చూపించవద్దని పిల్లకు చెబుతాం. స్నేహితులకు చాక్లెట్లు తెచ్చినా ఇవ్వనివ్వం. ఆనందంగా చెప్పుకోవాల్సిన ప్రయాణాన్ని దొంగ సొత్తులా దాచుకోవాలి. ఇక విహారం పిల్లకు మిగిల్చిందేమిటి?

పక్క బెంచీ పిల్లలు

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో జాన్ ప్లాట్ అనే తండ్రి 2015 ఏప్రిల్‌లో తన కూతుర్ని బడి రోజుల్లో ఫ్లోరిడా విహారానికి తీసుకెళ్లాడు. పాప ఏడు రోజులు బడికి వెళ్లలేదు. 60 పౌండ్ల జరిమానా వేశారు. ఆయన కట్టలేదు, అది 120 అయింది. మా పాప మిగతా రోజులన్నీ బడికి వెళ్తూనే ఉంది కదా అన్నది ఆయన వాదన. కింది కోర్టుల్లో గెలిచాడు. కానీ 2017 ఏప్రిల్ 6న ఆ దేశ సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. క్రమంగా బడికి రావడమంటే బడి పెట్టిన నియమం ప్రకారం రావడమని తేల్చింది. ఒక బిడ్డ ఇష్టమొచ్చినప్పుడు మానేస్తే ఆ బిడ్డ చదువే కాదు, తరగతిలోని మిగతా పిల్లల చదువు కూడా కుంటుపడుతుందని న్యాయమూర్తులు గుర్తుచేశారు. 2024 ఆగస్టు నుంచి అక్కడ ఆ జరిమానా 80 పౌండ్లకు, ఆలస్యమైతే 160కి పెరిగింది. అదీ ఒక్కో బిడ్డకు, తల్లికీ తండ్రికీ విడివిడిగా!

అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇది నిజంగానే ఇబ్బంది. క్రిస్మస్ సెలవులు మొదలయ్యాక విమానం టిక్కెట్ల ధర చుక్కలనంటుతుంది. వారం ముందే బయల్దేరితే అమ్మానాన్నల దగ్గర నాలుగు రోజులు ఎక్కువ గడపొచ్చు. వారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ తీర్పులోని ఒక్క మాట క్రైస్తవులమైన మనం పట్టించుకోవాల్సింది. పక్క బెంచీ పిల్లల సంగతి. నాలుగు రోజులు మానేసిన బిడ్డ కోసం టీచరు పాఠాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటిదాకా మిగతా పిల్లలు ఆగాలి. మా పాప క్లాసులో అయితే ఆ పిల్లలు మరో పని కూడా చేశారు. లేని జ్వరం కోసం కళ్లు మూసుకుని, చేతులు జోడించి, పసి మనసుతో నాలుగు రోజులు దేవునికి మొరపెట్టారు.

ఇంకో ఖాళీ బెంచీ కూడా ఉంది. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో వానలు మొహం చాటేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు వలస వెళ్తాయి. ఇళ్లకు తాళాలు పడతాయి. బడి మాని పిల్లలూ వెంట వెళ్తారు. హాజరుపట్టీలో ఆ పిల్లవాడికీ, విహారానికి వెళ్లిన పిల్లవాడికీ పడేది ఒకే గుర్తు. కానీ ఒకరికి అది వారం రోజుల సరదా, మరొకరికి బహుశా చదువుకే స్వస్తి. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో పండుగ ప్రయాణం గురించి చెప్పినప్పుడు దేవుడు కొడుకులు, కూతుళ్లతో ఆగలేదు. ఇంట్లో పనివారు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు కూడా మనతో కలిసి సంతోషించాలన్నాడు. మన విహారానికి పెట్టే ఖర్చులో కొంత తీసి, వలస వెళ్లే ఒక్క బిడ్డ హాస్టల్లో ఉండి చదువుకోవడానికి ఇవ్వలేమా? వచ్చే వేసవిలో మన పిల్లలతో పాటు సంఘంలోని తండ్రిలేని ఒక బిడ్డను కూడా సముద్రం చూడ్డానికి తీసుకెళ్లలేమా?

అడిగే పద్ధతి

అనుభవం మీద తల్లిదండ్రులకు కొన్ని మాటలు చెబుతాను. మొదటిది, టిక్కెట్లు కొనకముందే బడిలో అడగండి. 2024 నవంబరు నుంచి రైల్వే రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతోంది కాబట్టి తొందర ఉంటుంది, నిజమే. అయినా టిక్కెట్లు కొన్నాక అడిగేది అనుమతి కాదు, అది సమాచారం మాత్రమే. రెండోది, ఉన్న కారణం ఉన్నట్టు రాయండి. మూడోది, ఆ రోజుల్లో ఏం పాఠాలు జరుగుతాయో, పరీక్షలున్నాయో టీచరును కనుక్కుని, పోయే పాఠం మీ దగ్గర కూర్చోబెట్టి చదివిస్తామని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి. నాలుగోది అన్నిటికన్నా కష్టమైనది. వద్దంటే ఆగండి. వద్దన్న తర్వాత జ్వరం తెచ్చుకోకండి. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మన మాట ఉండాలని ప్రభువు కొండమీద నేర్పింది ఇలాంటి చిన్న కాగితాల గురించి కూడా.

ప్రధానోపాధ్యాయులకూ ఒక మనవి. మీలో చాలామంది మన సంఘాలవారే. నిజం రాసిన తండ్రికి చీవాట్లు పెట్టి, జ్వరమని రాసిన తండ్రికి వెంటనే సెలవిస్తే పిల్లలకు మనం నేర్పే నీతి పాఠం ఏమిటి? ఇవ్వలేకపోతే ఇవ్వలేమని మర్యాదగా చెప్పండి. ఇవ్వగలిగితే ఇచ్చి, తిరిగొచ్చాక చూసింది తరగతిలో చెప్పమని ఆ బిడ్డను నిలబెట్టండి. అప్పుడు ఒక్కరి ప్రయాణం నలభై మందికి పాఠమవుతుంది.

ఎప్పుడు వెళ్లినా సరే, ఆ ప్రయాణం ఉత్త తినడం, తిరగడంగా మిగిలిపోనివ్వకండి. యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయంలో యొర్దాను దాటిన ప్రజలు పన్నెండు రాళ్లు నిలబెట్టారు. ఈ రాళ్లేమిటని రేపు పిల్లలు అడిగితే దేవుడు చేసిన కార్యం చెప్పాలని. మన నేల మీదా అలాంటి రాళ్లున్నాయి. విశాఖపట్నం బీచిలో పిల్లలు ఆడుకుంటుంటే, 1805లో ఇదే ఊరికి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు వచ్చి, తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగులోకి తేవడానికి పూనుకున్నారని చెప్పండి. మెదక్ వెళ్తే, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ మహాదేవాలయం కరువు కాలంలో ఎంతోమంది పేదలకు పనీ, అన్నమూ పెట్టిందని చెప్పండి. పిల్లలు అడుగుతారు. అడిగినప్పుడు ఫోను పక్కన పెట్టి జవాబు చెప్పండి. ఆదివారం ఎక్కడున్నా ఆ ఊరి సంఘంలో కూర్చోండి. భాష రాకపోయినా ఫరవాలేదు.

ఆ టీచరు అడిగిన ప్రశ్న

ఆ శుక్రవారం తర్వాత రెండు రోజులకు ఆదివారం. ఆ వారం నేను ఎంచుకున్న వాక్యభాగం ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం. అబద్ధం మాని, ఒకరితో ఒకరు సత్యమే మాట్లాడాలని పౌలు చెప్పే భాగం అందులోనే ఉంది. ఆ వచనం వదిలేసి మిగతాది బోధించాను. మా సంఘంలో ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సోమవారం ఇంటి ప్రార్థనలో మా పాప ముందు క్షమాపణ అడిగాను. ‘నాన్న తప్పు రాశాడు, దేవుడికీ నీకూ చెబుతున్నాను’ అన్నాను. నా భార్య కూడా కళ్లొత్తుకుంది. మంగళవారం బడి వదిలాక టీచరును కలిసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ‘అడిగి ఉంటే మేమే ఇచ్చేవాళ్లం కదండీ అయ్యగారూ’ అన్నారు. కాసేపాగి మరో మాట అడిగారు. ‘పాపకు జ్వరం తగ్గిందని శుక్రవారం పిల్లలందరితో దేవునికి స్తోత్రం చెప్పించాను. ఇప్పుడు వాళ్లకేం చెప్పమంటారు?’

ఆ ప్రశ్నకు నాకు అప్పుడు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను. టీచరు కూడా క్షమించారు. కానీ ఆ పసిపిల్లల ప్రార్థనను నేను తిరిగి ఇవ్వలేను. పాస్టరుగా నా జీవితంలో ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ బడి వరండాలో నేను చేసిన ప్రసంగం మాత్రం నోరు విప్పకుండా చేసినది, నా బిడ్డ పూర్తిగా అర్థం చేసుకున్నది.

మా పాప ఇప్పుడు ఒక బిడ్డకు తల్లి. ఈ మధ్య ఫోను చేసింది. వాళ్లాయనకు సెలవు దొరికింది, నాలుగు రోజులు అరకు వెళ్లాలని అనుకున్నారట. మనవడిది ఒకటో తరగతి. ‘నాన్నా, లీవ్ లెటర్ రాశాను, చదువుతాను విను’ అంది. చదివింది. రెండే వాక్యాలు. కుటుంబమంతా కలిసి అరకు వెళ్లాలనుకుంటున్నాం, నాలుగు రోజులు సెలవు ఇప్పించగలరు అని. బడివాళ్లు నాలుగు కుదరదన్నారు, రెండు రోజులిచ్చారు. శనివారం, ఆదివారం కలుపుకుని వెళ్లొచ్చారు. అరకులో చూడాల్సినవి కొన్ని మిగిలిపోయాయట. తిరిగొచ్చాక మా మనవడు కాఫీ గింజలు జేబులో వేసుకుని బడికి వెళ్లి, టీచరుకూ పిల్లలకూ చూపించాడట.

ప్రియ తల్లిదండ్రులారా! మీ బిడ్డను ఎక్కడికైనా తీసుకెళ్లండి. కానీ తిరిగొచ్చాక ఆ బిడ్డ ఎక్కడికి వెళ్లిందో బడిలో నిర్భయంగా చెప్పుకునేలా తీసుకెళ్లండి. ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా సెలవు చీటీ రాయాల్సి వస్తే, కలం పట్టుకునే ముందు ఒక్క నిమిషం ప్రార్థించండి. దేవుడు మీ ప్రయాణాలను, మీ పిల్లల చదువును దీవించునుగాక!